పైకప్పు మీది నోరు

బెల్‌గ్రేడ్‌లో, సావా నది ఒడ్డున
రోడ్ల మరమ్మతు కంపెనీ వాళ్ళ ఆరంతస్తుల భవనంలో
ఫిల్టర్లు మార్చే పని నాది.
మూడు నెలలకోసారి
నిచ్చెన, టార్చి, పాత గుడ్డలు.
తెల్లగా లోపలికెళ్ళిన ఫిల్టరు
టీ వడకట్టిన గుడ్డ రంగులో తిరిగొస్తుంది.
సంచిలోకి మడిచి తోస్తుంటే
వేళ్ళకంటే జిగురు సబ్బుకి లొంగదు.
ఏ అంతస్తు ఎంత కాలుస్తుందో
నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఐదో అంతస్తులో ల్యూబింకా.
పాత బిల్లుల గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు.
ఒక్క సిగరెట్టూ ముట్టని మనిషి.
అయినా ఆమె స్వెట్టరు వాసన చూసి
మొగుడు చెప్పేవాడట:
"ఇవాళ మీ మేనేజరుకి తిక్క రేగినట్టుంది,
రెండు పెట్టెలు ఊదేశాడు."

కిటికీ తెరవండర్రా, అనేది.
అందరూ ఒకే గొంతుతో "ప్రొమాయా!" అనేవాళ్ళు.
ప్రొమాయా అంటే ఏం లేదు,
ఇటు కిటికీకీ అటు తలుపుకీ మధ్య పరుగెత్తే గాలి.
దెయ్యాలకి జడవనివాళ్ళు కూడా
మా ఊళ్ళో దానికి జడుస్తారు.
మెడ పట్టేస్తుందట, నడుం విరిచేస్తుందట,
పంటి నొప్పికీ అదే, పిల్లలు పుట్టకపోయినా అదే.
పొగ మాత్రం ఎవర్నీ ఏమీ చెయ్యదు.
పొగ మన మనిషి.
గాలే పరాయిది.

పొమ్మనలేక పొగబెట్టారనడానికీ లేదు.
ఆమెని ఎవరూ పొమ్మనలేదు.
పుట్టినరోజుకి కేకు తెచ్చారు,
కాలు విరిగితే ఆసుపత్రికి ద్రాక్షపళ్ళు పట్టుకెళ్ళారు.
అంత మంచివాళ్ళు.
అంత మంచివాళ్ళ పొగ.

తర్వాత చట్టం వచ్చింది.
యాష్‌ట్రేలలో కాక్టస్ మొక్కలు మొలిచాయి.
ఊదేవాళ్ళంతా పైకప్పెక్కారు.
నేనూ ఎక్కాను, దాచడం దేనికి,
పద్నాలుగో ఏటి అలవాటు.
అక్కడ ఈదురుగాలి కొట్టని మూల ఒకటుంది,
వెనక గోడ, పక్కన గుంయ్‌మనే రేకు పెట్టె.
ఆ మూల అందరికీ చూపించింది నేనే.
రెండు విరిగిన కుర్చీలు బాగుచేసి వేసింది కూడా.

ఫిబ్రవరిలో ల్యూబింకా కబురంపింది.
"మియోద్రాగ్, ఇంకా వాసనొస్తోంది."
కొత్త ఫిల్టరు వేశాను.
"వస్తోంది."
ఇంకొకటి వేశాను.
ముప్ఫై ఏళ్ళ పొగ ఆమె ముక్కులోనే కాపురం పెట్టిందని
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆమె నవ్వబోయి, దగ్గింది.
గోడకి చెయ్యి ఆనించి
చాలాసేపు దగ్గింది.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఆమె సంచి దులిపినా
అగ్గిపుల్ల దొరకదు.

ఆ సాయంత్రం పైన నేనొక్కణ్ణే.
వెలిగించాను.
పొగ పైకి పోలేదు.
పక్కకి వంగింది.
పేరు పెట్టి పిలిస్తే వెళ్ళే కుక్కపిల్లలా
రేకు పెట్టె జల్లెడ దాకా నడిచి
లోపలికి దూరింది.

అది తాజా గాలి పీల్చే నోరు.
పన్నెండేళ్ళుగా దానికి నూనె వేస్తున్నాను.
దాని బెల్టు కొలత నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
దాని పక్కనే కుర్చీలు వేశాను.

మర్నాడు పొద్దున్నే ఆ కుర్చీలు
అటు చివరికి, నది వైపుకి ఈడ్చాను.
కాలర్లు పైకెత్తుకుని, మంట ఆరిపోకుండా
చేతులు దొప్ప చేసుకుని అందరూ తిట్టారు:
"ఇక్కడ ప్రొమాయా, మియోద్రాగ్! చంపుతావా?"

వారం తర్వాత ఐదో అంతస్తుకి వెళ్ళాను.
ల్యూబింకా గాలి రంధ్రం కింద నిలబడి
మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని
కొత్త కూరలో ఉప్పు చూస్తున్నట్టు
గాలి రుచి చూస్తోంది.
"ఇవాళ రావట్లేదు. ఏం మార్చావు?"

"ఫిల్టరు," అన్నాను,
రెండడుగులు వెనక్కి జరిగి,
ఊపిరి బిగబట్టి.